పన్నెండు కొక్కేలు

మొలక వారం

దాలినాయుడు రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. మడిలో పైరుని బట్టే మా వారాలకి పేర్లు. గుమాస్తా పలికినన్నాళ్లూ ఈ లోగిలిలో ఎవరూ ఏదీ రాయాల్సిన పని లేకపోయింది. గాలి ఎంత ఉంది, చోళ్లు ఎన్ని మిగిలాయి, ఎవరు లోపలున్నారు, ఎవరు ఊపిరాడని బయలుకి పోయారు, అన్నీ గోడలోంచి అదే చెప్పేది. కిందటి కోతప్పుడు ఒక పూట మాట మధ్యలో ఆగిపోయింది, మళ్లీ పలకలేదు. దాన్ని బాగుచేసేవాళ్లు ఈ నేల మీద లేరు. ఇకమీదట ఎవరి పని గురించి వాళ్లే రాసిపెట్టాలని దాలినాయుడి హుకుం. ఆయన మా లోగిలికి పెద్ద. నాది వంటశాల. పేరు పైడమ్మ, కానీ ఆ పేరుతో పిలిచేది ఆయనొక్కడే. మిగతా అందరికీ మామ్మని.

అసలు చిక్కు రాయడంలో లేదు, లెక్కలో ఉంది. నా కొడుకు ఈడు వాళ్లెవరికీ లెక్కపెట్టడం రాదు. పుట్టిన దగ్గర్నుంచీ అడగడం ఆలస్యం గుమాస్తా చెప్పేస్తుంటే ఇక వీళ్లకి వేళ్లతో పనేముంది? గడ్డం నెరుస్తున్న మనిషి పళ్లెంలో ఏడు అట్లున్నాయో ఎనిమిదున్నాయో తెలియక నా మొహం చూస్తాడు. నాకు వచ్చిన ఆ నాలుగు ముక్కలూ మా మామ్మ చలవ. ఆవిడ గుమాస్తాని ఏనాడూ నమ్మలేదు. కుంచంతో కొలిచి, నోటితో పైకి చెప్పి, నా చేత కూడా చెప్పించేది. పెద్దవాళ్లకి ఇక ఎక్కదు, పిల్లలకైనా నేర్పు అని దాలినాయుడు అందర్నీ నా మీదికి తోలాడు.

నా దగ్గర పలకలూ బలపాలూ లేవు. పొయ్యి ఉంది. చోడట్టు మధ్యకి కోస్తే అర, అరని మళ్లీ కోస్తే పావు. ముప్పావు కావాలన్నవాడు ఎన్ని పావులో చెప్పి తీసుకోవాలి. ఆకలి మీదున్న పిల్లలకి ఇది ఎంత తొందరగా వచ్చేస్తుందో చూస్తే నవ్వొచ్చింది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అంటూ ఇసక పోసుకుని ఆడుతున్నారు. జడలు అల్లుకుంటూ మూడో ఎక్కం చెప్పుకుంటున్నారు. నా వంటిల్లు సంతయిపోయింది. విసుక్కుంటూనే ఉన్నాను, వాళ్లు రాని పూట మాత్రం తోచడం లేదు.

అందర్లోకీ చురుకైంది నా మనవరాలు నూకాలు. ఏడేళ్లది. దాన్ని కనీ కనగానే తల్లి పోయింది. నేనూ, నా కొడుకు అప్పలసూరీ పెంచుతున్నాం. అది చెప్పే లెక్కలకి వాడు నోరెళ్లబెట్టి, ఎవరి పోలికో అని మురిసిపోతుంటాడు. నీ పోలిక మాత్రం కాదని నేను అంటుంటాను.

పాలకంకి వారం

ఇవాళ పాత గాదె ఖాళీ చేసి చోళ్లు కొలిచాం. మా పద్ధతిలో మొదటి కుంచం తినేది కాదు, విత్తనానిది. దాన్ని ఒకటి అనం. "లాభం" అని పైకి చెప్పి విత్తనాల గాదెలో పోస్తాం. దాని తర్వాతి కుంచం దగ్గర్నుంచి ఒకటి, రెండు అని లెక్క మొదలు. మొలవాల్సినదాన్ని లెక్కపెడితే దిష్టి తగులుతుందని మా మామ్మ భయం. ఆవిడ నుంచి నాకొచ్చింది, నా నుంచి పిల్లలకి వెళ్లింది.

నూకాలుకి ఇది తెగ నచ్చింది. కుంచం తనే పట్టుకుని, అందరికంటే గట్టిగా లాభం అని అరిచి పోసింది. ఇది లెక్కలోకి ఎందుకు రాదని ఓ పిల్ల అడిగితే, ముందొచ్చింది గనక, గొప్పది గనక అని తనే జవాబు చెప్పింది. అప్పలసూరి దాన్ని భుజం మీదికెత్తుకుని, నా ఇంటికి లాభం ఇదిగో ఇదే అన్నాడు. అది వాడి జుట్టు పట్టుకుని, కాదు నువ్వే అంది. అలా కాసేపు ఇద్దరూ దెబ్బలాడుకున్నారు. పని చెడుతోందని నేను కసిరాను.

మధ్యాహ్నం దాలినాయుడు వచ్చాడు. మా మూడు లోగిళ్లకీ బయలుకి పోయే దారి ఒక్కటే నడవ. దీపాలకీ గాలికీ శక్తినిచ్చే ఎండపలకల మీద దుమ్ము దులపడానికి లోగిలికి నలుగురు చొప్పున అందులోంచే వెళ్లాలి. ఒళ్లంతా కప్పే తొడుగులు వేసుకుంటే మనిషికీ మనిషికీ తేడా తెలియదు. గుమాస్తా పోయాక తొడుగుల్లోంచి మాట కూడా వినపడటం లేదు. కాబట్టి తిరిగొచ్చేటప్పుడు నడవలో నిలబడి అందరూ వచ్చారా లేదా అని లెక్కపెట్టడానికి ఒకరు కావాలి. నడవ ఇరుకు. తలుపు మీట దగ్గర మనిషి నిలబడ్డాక పక్కన ఒక పిల్లకి మాత్రమే చోటు మిగులుతుంది. పదికి మించి తడబడకుండా చెప్పే పిల్ల నూకాలే. అప్పలసూరి ఉబ్బిపోయాడు. మీట పట్టేది ఎలాగూ తనే, పక్కన కూతురుంటుందని వాడి సంబరం. దానికి చిన్న తొడుగు కుట్టే పని కూడా వాడే తీసుకున్నాడు.

దుమ్ము వారం

జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను. వరస తప్పితే ఇక రాయలేను.

పన్నెండు మంది వెళ్లారు. వాళ్లు పని ముగించకముందే గాలి లేచింది. మీట మనిషి ముందు లోపలికొచ్చి తలుపు పట్టుకోవాలి, మిగతావాళ్లని ఒక్కొక్కరినీ లోపలికి లాగాలి. అందుకని అప్పలసూరి అందరికంటే ముందు నడవలోకి వచ్చాడు. నూకాలు వాడి పక్కనే నిలబడి, వచ్చిన ప్రతివాళ్ల పొట్టమీదా తట్టి లెక్కపెట్టింది. అందరూ వచ్చాక వాడు చేత్తో ఎంతమంది అని అడిగాడు. అది పది వేళ్లూ చూపించి, మూసి, మళ్లీ ఒక వేలు చూపించింది. వాడికి లెక్క రాకపోయినా పన్నెండుకి ఎన్ని వేళ్లు చూపించాలో అదే వాడికి నేర్పింది. రెండో వేలు లేవకపోవడం వాడు చూశాడు. కూతుర్ని మిగతావాళ్లతో పాటు లోపలి తలుపు దాటించి, తలుపు మూసి, బయలులోకి వెళ్లిపోయాడు.

వాళ్ల కోసం నేను పన్నెండు గిన్నెల్లో అంబలి పోసి ఉంచాను. పదకొండు మంది తాగుతున్నారు. ఒక్కో మొహమే చూసుకుంటూ వెళ్లాను. నా కొడుకు మొహం లేదు. నూకాలుని అడిగితే, ఎవరో ఒకరు రాలేదని, వాళ్లని తేవడానికి నాన్న వెళ్లాడని చెప్పింది. ఎవరు రాలేదని దాలినాయుడు అడిగాడు. మూడు లోగిళ్ల వాళ్లూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అందరూ అక్కడే ఉన్నారు. లేనివాడు నా కొడుకు ఒక్కడే.

ఇద్దరు నడుముకి తాడు కట్టుకుని వెళ్లారు. తాడున్నంత దూరం వెళ్లి, ఏమీ కనపడక వెనక్కొచ్చారు. గాలి వారమంతా ఆగలేదు. ఆగాక చూస్తే దిబ్బలన్నీ చోటు మారిపోయాయి. వాడు దొరకలేదు.

ఖాళీ మడి, మొదటి వారం

నూకాలు ఏడవడం లేదు. అది ఏడిస్తే నేనూ ఏడుద్దామని చూస్తున్నాను. పూటపూటా రెండు అట్లు తీసి మూత పెడుతోంది. ఒకటి నాన్నకి, ఇంకొకటి ఆ రానివాళ్లకి. రెండో అట్టు ఎందుకని అడిగితే నావంక జాలిగా చూసింది.

"నాన్నకి తోడున్నారు గదా మామ్మా. అవతలి లోగిలోళ్లెవరో. ఒక్కడే అయితే బయ్యపడును గానీ, ఇద్దరున్నారు గదా" అంది.

దాని మొహంలో నిజంగానే బెంగ లేదు. వాళ్లిద్దరూ ఎక్కడో బండ చాటున కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారని దాని నమ్మకం. అవతలి లోగిళ్లలో అందర్నీ అదెరగదు. మనవాళ్లందరూ వచ్చేశారు తల్లీ అని చెబుదామని వెళ్లి, ఆ అట్ల మీద మూత సర్ది వచ్చేశాను. పెద్దవాళ్లు గాలిలో ఏదో పొరపాటు జరిగిందని అనుకుని ఊరుకున్నారు. నాకు మాత్రం ఆ పొరపాటు ఏమిటో తెలియక మనసు నిలవడం లేదు. నూకాలు లెక్క తప్పే పిల్ల కాదు.

పిండి కలుపుతూ, ఆ రోజు ఎలా లెక్కపెట్టావని ఇవాళ అడిగాను. చాలా సంతోషంగా చెప్పింది.

"నాన్నే గదా ముందొచ్చాడు. అందుకని నాన్నని తట్టి లాభం అన్నాను మామ్మా. తరవాతోళ్ల కాణ్ణుంచి ఒకటి, రెండు అని ఒక్కరిని కూడా ఒగ్గకుండా లెక్కెట్టేను. పదకొండయ్యేరు."

పిండిలో చెయ్యి అలాగే ఉండిపోయింది. లాభం, ఆ పైన పదకొండు. పన్నెండు మందీ వచ్చేశారు. లెక్కలోకి రానివాడు నా కొడుకు. తన కోసం వెతకడానికి తనే వెళ్లాడు. తొడుగులోంచి అది అన్న లాభం వాడికి వినపడలేదు, వినపడి ఉంటే నవ్వి ఊరుకునేవాడు. ఏమైంది మామ్మా అని అది అడిగితే, పిండి గట్టిపడిందన్నాను.

ఖాళీ మడి, మూడో వారం

పాఠాలు మానేశాను. తలనొప్పి అని చెబుతున్నాను. అట్లు నేనే కోసి పెడుతున్నాను. పిల్లలు బిక్కమొహాలు వేసుకుని తిని పోతున్నారు. ఒకడైతే, ముప్పావు అడగనియ్యి మామ్మా, ఒక్కసారే అని బతిమాలాడు. వాణ్ణి కసిరి పంపేశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

నా భయం ఒక్కటే. నూకాలుకి లెక్క బాగా వచ్చేకొద్దీ ఆ రోజు లెక్క దాని చేతికి చిక్కుతుంది. ఆ రానివాళ్లు ఎవరూ లేరని తెలుస్తుంది. వాడు అక్కడ ఒంటరిగా పోయాడని, దాని వేళ్లు చూసి పోయాడని తెలుస్తుంది. ఏడేళ్ల పిల్ల అది మోసుకుంటూ ఎన్నేళ్లు బతకాలి? నా కొడుకు ఎలాగూ రాడు. దానికి మిగిలిన ఆ కాస్త ఊరటా పోనివ్వకూడదు.

నేను మానేసినంత మాత్రాన వంటింట్లో లెక్కలు ఆగవు. తీసివేతలు దానంతటదే పట్టేసింది. బుట్టలో ఇన్ని ఉల్లిపాయలుంటే ఇన్ని తరిగాం, ఇక ఇన్ని ఉండాలి అని చెప్పి, బుట్ట బోర్లించి చూసుకుంటుంది. సరిపోతే చప్పట్లు కొడుతుంది. ఆ చప్పట్లు వినపడినప్పుడల్లా నేను గాదె వెనక్కి పోతున్నాను.

ఖాళీ మడి, చివరి వారం

దీపాలు మసకబారాయి. గాలి బరువెక్కింది, రెండు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఎండపలకల మీద దుమ్ము దులపకపోతే మడిలో మొలక కూడా రాదు. మళ్లీ బయలుకి వెళ్లక తప్పదని, నడవలో మళ్లీ నూకాలే నిలబడాలని దాలినాయుడు చెప్పించాడు. అంతకంటే ముందు పిల్లలు వెళ్లి తొడుగులకి అంటిన దుమ్ము బ్రష్షుతో దులిపి పెట్టాలట. వెతకడం మానేసిన రోజు తగిలించిన తొడుగులు అప్పట్నుంచీ నడవలోనే ఉన్నాయి. ఎవరూ ఆ తలుపు తియ్యలేదు.

పిల్లలెందుకు, నేనే దులుపుతానని ఒక్కదాన్నే వెళ్లాను. గోడకి పెద్దవాళ్ల తొడుగుల కోసం పన్నెండు కొక్కేలు. పదకొండు తొడుగులు. ఒక కొక్కెం ఖాళీ. నూకాలు అనుకున్న ప్రకారమైతే రెండు ఖాళీగా ఉండాలి. అది చూసిందంటే ఒక్క నిమిషం కూడా పట్టదు.

ఒక తొడుగు తీశాను. చుట్ట చుట్టి, చీర కొంగు కింద పెట్టుకుని తెచ్చి, చోళ్ల గాదె వెనక దాచాను. చేస్తున్నప్పుడు తప్పని కూడా అనిపించలేదు.

మొలక వారం

పదకొండో మనిషికి తొడుగు లేక పని ఆగిపోయింది. మూడు లోగిళ్లూ వెతికారు. దాలినాయుడు ఎక్కడా వెతకలేదు, నేరుగా వంటశాలకి వచ్చాడు. పిల్లల్ని బయటికి పంపి, పీట మీద కూర్చున్నాడు.

"దాసీసినావేటి పైడమ్మా?" అన్నాడు.

దాచానన్నాను. ఎందుకో చెప్పాను. లాభం గురించీ, పదకొండు గురించీ, ఆ రెండో అట్టు గురించీ అన్నీ చెప్పేశాను. కొడుకు పోయాక ఒక మనిషి ముందు నోరు విప్పి ఏడవడం అదే మొదలు. ఆయనకీ లెక్క రాదు. నా అట్లు మూడు అడిగి, పీట మీద వరసగా పెట్టి, ఎలా జరిగిందో వేలితో తట్టించుకుని మరీ తెలుసుకున్నాడు.

"ఆ పిల్లకి తెలీకపోతే రేపు కూడా ముందొచ్చినోణ్ణి లెక్కలోకి తియ్యదు. మళ్లీ ఎవుడో ఒకడు ఎనక్కెల్తాడు. ఆడికీ ఓ తల్లుంటాది గదా" అన్నాడు.

మనుషుల్ని మాత్రం ఒకటి నుంచి లెక్కపెట్టు తల్లీ అని చెప్పి ఊరుకుంటే సరిపోదా అని అడిగాను. అడుగుతున్నప్పుడే నాకు తెలుసు. అది ఊరుకునే పిల్ల కాదు. ఎందుకని అడుగుతుంది. నేను తడుముకునేలోపే ఆ రోజు లెక్క మళ్లీ మొదట్నుంచి చేసుకుంటుంది. దాని చేత లెక్కలు ఇష్టంగా చేయించింది నేనే కదా.

తొడుగు పట్టుకెళ్లి కొక్కేనికి తగిలించాను. పిల్లల్ని తోలుకురమ్మని దాలినాయుడికి కబురు పంపాను. నూకాలుతో పాటు నేనూ ఉంటానన్నాను.

మొలక వారం, మర్నాడు

దుమ్ము దులుపుతూ నూకాలు తొడుగుల్ని తట్టుకుంటూ పోయింది. దానికి చేతికి తగిలినవన్నీ లెక్కపెట్టడం అలవాటైపోయింది. చివరిదాకా వెళ్లి ఆగింది. మళ్లీ మొదటికొచ్చి తట్టింది. మిగతా పిల్లలు దులపడం ముగించి వెళ్లిపోయారు. అది బ్రష్షు కింద పెట్టేసింది.

"మామ్మా, పదకొండు మంది వచ్చేరు గదా. అందులోంచి నాన్న ఎల్లిపోతే పది తొడుగులుండాల. రెండు కొక్కేలు కాళీగా ఉండాల" అంది.

అవునన్నాను.

అది మొదటి తొడుగు దగ్గరికి వెళ్లింది. పొట్ట మీద చెయ్యి పెట్టి, లాభం అంది. రెండోదాని వైపు అడుగు వేసి నిలబడిపోయింది. వెనక్కొచ్చి అదే తొడుగు మీద మళ్లీ చెయ్యి పెట్టి, చిన్నగా, ఒకటి అంది. రెండు, మూడు అనుకుంటూ వెళ్లింది. పదకొండు తొడుగులూ అయ్యాక, ఖాళీ కొక్కేనికి చెయ్యి అందక ముని వేళ్ల మీద లేచి, పన్నెండు అంది.

నేను దగ్గరికి వెళ్లలేదు.

"అయితే నాన్న ఒక్కడే ఉన్నాడేటి మామ్మా అక్కడ?" అని అడిగింది.

అది నా దగ్గరకొచ్చి కొంగు పట్టుకుంది. ఇన్నాళ్లూ ఏ లెక్క చేసినా సరిపోయిందని చెప్పించుకోవడానికే పిల్లలు నా చుట్టూ మూగేవాళ్లు.

"నా లెక్క తప్పేమో సూడు మామ్మా. ఇంకొక్కపాలి సూడు" అంది.

తప్పు అని ఒక్క ముక్క అంటే చాలు. నేనన్నది అది నమ్ముతుంది. లోపలి తలుపు అవతల పదకొండు మంది తొడుగుల కోసం వచ్చి నిలబడి ఉన్నారు. వాళ్ల దగ్గులు వినపడుతున్నాయి. కాసేపట్లో వాళ్లందరూ బయలుకి వెళ్తారు. ఈ పిల్ల వేళ్లు చూసి తలుపు మూస్తారు.

దాని చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. ఇద్దరం కలిసి మొదటి తొడుగు దగ్గర్నుంచి ఖాళీ కొక్కెం దాకా ఒక్కొక్కటే తట్టుకుంటూ, పైకి చెప్పుకుంటూ వెళ్లాం. చివర్న దాన్ని ఎత్తుకుంటే కొక్కెం దాని చేతికి అందింది.

"తప్పు నేదమ్మా" అన్నాను.